రింక్‌లో కాళ్ళకి నీళ్ళివ్వరు

జులై 14, సోమవారం

ఈ డైరీ చర్ల ఎరువుల షాపు సీతయ్య సేటు సంక్రాంతికి ముందు ఇచ్చిండు. ఇన్నాళ్ళు దూలం మీదే ఉంది. ఎలుక ఒక మూల కొరికింది, అది జనవరి మూల, నాకు నష్టం లేదు. ఇంట్లో మాట్లాడే మనిషి లేదు. పక్కింటి హడ్మాతో మాట్లాడొచ్చు గానీ, హడ్మాతో ఒక మాట అంటే పొద్దుగూకేలోపు కిష్టారం దాకా పోతది. అందుకని ఇందులో రాస్తున్న. రాసేంత సంగతులు ఏం లేవు.

మా ఆమె స్రవంతి, పిల్ల దీపని బళ్ళో వెయ్యడానికి జగదల్‌పూర్ పక్కన నగర్‌నార్ పోయి నెల దాటింది. అక్కడ వాళ్ళన్న రాంప్రసాద్ బావ స్టీల్ ప్లాంటులో ఠేకేదార్, అంటే కాంట్రాక్టర్ కింద క్రేన్ నడుపుతడు. పిల్ల బడికి అలవాటు పడగానే స్రవంతి వస్తది. మా మధ్య గొడవేం లేదు.

వానలు పర్లేదు.

జులై 15

పోలీసు క్యాంపు దగ్గర టవర్ కింద నిలబడితే ఫోన్ బాగా పలుకుతది. దీప చేసింది.

"నాయినా, వచ్చే నెల నా బర్త్‌డే ఆదివారం వచ్చింది. మామ జగదల్‌పూర్‌లో స్కేటింగ్ రింక్‌కి తీస్కపోతా అన్నడు. నువ్వు రావాలె."

"అదేంది?"

"చక్రాల బూట్లు వేసుకొని జారుడు. నున్నటి గచ్చు ఉంటది. నీకు వచ్చా?"

వచ్చు అన్న.

అబద్ధం ఏం కాదు. దమ్ము చేసేటప్పుడు పొలం చదును చేసే చెక్క మీద నిలబడి, రెండు ఎడ్లు లాగుతుంటే ఈ మడి నుంచి ఆ మడికి జారుతనే ఉన్న, మీసం రాకముందు నుంచి. బురద మీద జారెటోడికి గచ్చు మీద జారడం ఒక లెక్కా.

"మీ అమ్మ వస్తదా?" అని అడిగిన.

"రానంటంది."

మంచిదే అన్న. అక్కడ జనం ఎక్కువ ఉంటరంట కదా, ఇరుకు.

జులై 16

ఫోన్ స్పీకర్‌లో పెట్టి మాట్లాడిందా అని దీపని అడగాల్సింది. "మంచిదే" అనకుండా ఉండాల్సింది.

జులై 19

పై మడి దమ్ము చేసినం. హడ్మా ఎడ్లు, నా చెక్క. హడ్మా నాగలి పక్కన పెట్టి బీడీ ముట్టించుకున్నాక, నేను చెక్క ఎక్కి నాలుగు చుట్లు ఎక్కువే తిరిగిన. మడి ఎప్పుడో చదునైంది. ఎడ్లు కూడా నా దిక్కు చూసినయి.

"ఏంది, చదును అయిన దాన్నే చదును చేస్తున్నవ్?" అన్నడు హడ్మా.

సంగతి చెప్పాల్సి వచ్చింది. హడ్మా దసరాకి జగదల్‌పూర్ పోయినప్పుడు ఆ రింక్ చూసిండంట, అద్దం బయట నుంచి. "వాళ్ళు ముందుకి వంగుతరు. నువ్వు వెనక్కి వాలుతున్నవ్" అన్నడు.

చెక్క మీద వెనక్కి వాలకపోతే మూతి బురదలో ఉంటది. ఎడ్లు ముందుకి లాగుతయి, మనం పగ్గం పట్టుకొని వెనక్కి వాలతం. ఈ మాత్రం హడ్మాకి తెలవదా. అద్దం బయట నుంచి చూసినోడు లోపల సంగతి చెప్తుండు.

జులై 21

రింక్ నంబర్ బావ పంపిండు. టవర్ కిందికి పోయి చేసిన. ఒక ఆడమనిషి ఎత్తింది, పేరు పూనం అన్నది, అక్కడ నేర్పేది ఆమేనంట. హిందీలో మాట్లాడినం.

సాక్స్ ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలంట. సాక్స్ లేకపోతే బూట్లు ఇవ్వరంట.

తర్వాత పాదం నంబర్ ఎంత అని అడిగింది. నాకు నంబర్ ఎక్కడిది. సంతలో చెప్పుల కుప్ప మీద కాలు పెట్టి చూసుకొని కొంటం. ఒక్క నిమిషం ఆగమని చెప్పి, కూర్చొని, చేత్తో కొలిచి, జానెడు మీద నాలుగు వేళ్ళు అని చెప్పిన. ఎవరి జానెడు అని అడిగింది. నాదే అన్న. "ఆప్ ఆ జాయియే భైయా, దేఖ్ లేంగే", మీరు రండి, చూద్దాంలే అని పెట్టేసింది. మర్యాదస్తురాలు.

జులై 22

నాటుకి మంగి వచ్చింది, హడ్మా భార్య. స్రవంతి ఎప్పుడొస్తది అని అడిగింది. దీప బడికి అలవాటు కాగానే అన్న. దీపకి ఇంకా అలవాటు కాలేదా అని అడిగింది. అలవాటైందంట అన్న. మంగి నారుకట్ట విప్పుకుంటూ పోయింది.

ఆ రోజు ఏం జరిగిందో రాసి పెడతా, ఎవరన్నా అడిగితే ఒకే తీరు చెప్పొచ్చు.

నగర్‌నార్ పోదాం, మా అన్న ప్లాంటులో నీకు కూడా పని చూస్తనన్నడు, పిల్లకి బడి ఉంటది అని స్రవంతి ఎండాకాలం అంతా అన్నది. పొలం ఎవరు చేస్తరు అని నేను ఎండాకాలం అంతా అన్న. ఇది గొడవ కాదు, ఆమె ఒకటి అన్నది, నేను ఒకటి అన్న. ఆ పొద్దు భుజాన బ్యాగు, చేతిలో దీప చెయ్యి, కంచె దగ్గర నిలబడి "పోతున్న" అన్నది. నేను కింద కూర్చొని కంచె తీగ బిగిస్తున్న. లేచి నిలబడాలంటే తీగ వదలాలె. వదిలితే మొత్తం వెనక్కి పోతది, మళ్ళీ మొదటి గుంజ నుంచి బిగించాలె. "ఊఁ" అన్న.

కాసేపు నిలబడ్డది. తర్వాత పోయింది. బస్సు వెంటనే దొరికే ఉంటది, అది బస్సుల టైమే.

కంచె బాగా వచ్చింది. ఇప్పటిదాకా ఒక్క మేక దూరలేదు. ఇందులో గొడవ ఎక్కడుంది.

జులై 23

ఇయ్యాల కూడా మేకలు దూరలేదు.

జులై 26

బావ ఫోన్. "సీతారాములూ, రింక్ సంగతి తర్వాత. ముందు రోజే ఇంటికి రా, పిల్లతో ఉన్నట్టు ఉంటది" అన్నడు. చూస్తా అన్న.

ఇంటికి పోవడంలో ఒక ఇబ్బంది ఉంది. మా దిక్కు ఆడమనిషి అలిగి పుట్టింటికి పోతే, మొగుడు పోయినప్పుడు గడపలో కాళ్ళకి నీళ్ళ చెంబు ఎవరు తెస్తరో చూస్తరు. ఆమె తెస్తే మనతో వస్తది. వదినో తల్లో తెస్తే మర్యాదగా అన్నం తిని ఒక్కడే వెనక్కి రావాలె. ఎందుకు అని అడగొద్దు, ఎవరూ నోరు విప్పరు, చెంబే చెప్పినట్టు. మా ఊరి ఆయతు కొడుకు సన్న, పెళ్ళాం కోసం భేజ్జి పోయినప్పుడు వాళ్ళత్త తెచ్చింది చెంబు. ఆ రోజు చేపల కూర పెట్టిండ్రంట, చింతపండు ఎక్కువైందంట. సన్న ఇప్పటికీ ఆ కూర సంగతి చెప్తడు. వంట ఇప్పుడు సన్నే చేసుకుంటుండు.

స్రవంతి అలిగి పోలేదు. కాబట్టి ఈ చెంబు లెక్క మాకు రాదు.

అయినా రింకే మేలు. రింక్‌లో కాళ్ళకి నీళ్ళివ్వరు. నేరుగా బూట్లే ఇస్తరు.

జులై 28

టవర్ కింద స్కేటింగ్ వీడియో చూసిన. ఒకాయన వచ్చి దండం పెట్టి, గీత మీద నిలబడ్డడు. అక్కడ ఆగింది. చాలాసేపు చూసిన, ఆయన అట్లనే నిలబడి ఉన్నడు. చివర్లో మళ్ళీ దండం పెట్టింది కనబడ్డది. మొదలు, చివర తెలిసినయి. మధ్యది నాకు వచ్చు.

ఆగస్టు 2

కోంటా సంతలో సాక్స్ బడిపిల్లలవే దొరికినయి. నా మడమ దాకా కూడా రాలే. హడ్మాకి చెప్పొద్దనుకొని మంగిని అడిగిన, పాతవి ఏమన్నా ఉన్నయా అని. సాయంత్రం హడ్మానే తెచ్చిండు. ఆశ్రమ బళ్ళో ఫుట్‌బాల్ ఆడేటప్పటివంట. పసుపు రంగు, మోకాళ్ళ దాకా వస్తయి. ఒకదానికి బొటనవేలు దగ్గర బొక్క.

"గెలిచిన సాక్సులివి. ఉతికి ఇయ్యి" అన్నడు.

వేసుకొని ఇంట్లో నడిచిన. బాగానే ఉన్నయి. అద్దంలో పాదాలు కనబడవు, అది మంచిదే.

ఆగస్టు 4

దీప ఫోన్. అమ్మ వస్తదంట. స్కేటింగ్ చెయ్యదంట, బయట బెంచీ మీద కూర్చుంటదంట.

పొయ్యి మీద అన్నం మాడింది. మాడిందే తిన్న.

ఆగస్టు 6

రెండు రోజులుగా వాన. వాగు రోడ్డెక్కింది. హడ్మా పోయి కర్ర గుచ్చి లోతు చూసి వచ్చిండు. తగ్గకపోతే పోవడం కుదరదు. తగ్గకపోతే నా తప్పు ఉండదు.

ఆగస్టు 7

వాగు తగ్గొద్దని నిన్న అనుకున్ననా లేదా అని ఆలోచిస్తున్న. అనుకున్న. పిల్ల బర్త్‌డేకి వాగు తగ్గొద్దనుకునే తండ్రి ఎవడన్నా ఉంటడా. పొద్దున లేచి నేనే పోయి చూసిన. ఇంకా నడుము లోతు ఉంది. నాకు కోపమొచ్చింది వాగు మీద.

ఆగస్టు 8

తగ్గింది. హడ్మా బండి మీద కోంటాలో దింపుతా అన్నడు. మేకలని, కంచెని చూసుకోమని మంగికి చెప్పిన. "కంచెకి ఏం కాదులే, అది పోదు" అన్నది మంగి. ఆమె మాటలు ఈమధ్య ఇట్లనే ఉంటున్నయి.

ఆగస్టు 9

జగదల్‌పూర్. బస్టాండ్ పక్క ధర్మశాలలో దిగిన. బావకి ఫోన్ చేసి బస్సు లేట్, రాత్రయింది, రేపు నేరుగా రింక్‌కి వస్తా అని చెప్పిన. బావ సరే అన్నడు. అప్పటికి పొద్దు ఇంకా గూట్లో పడలే, బస్టాండ్‌లో హారన్లు ఆయనకి వినబడే ఉంటయి. పెద్దమనిషి.

సాక్స్ బ్యాగులోనే ఉన్నయి. మళ్ళీ చూసిన, ఉన్నయి.

ఆగస్టు 10, ఆదివారం

మొత్తం రాస్తా.

రింక్ అంటే రేకుల షెడ్డు. లోపల నీలం గచ్చు, చుట్టూ రెయిలింగు, పెద్దగా హిందీ పాటలు, అందరి కాళ్ళ వాసన. దీప హెల్మెట్ పెట్టుకొని ఉరికొచ్చింది. రెండు నెలల్లోనే ఎత్తు పెరిగింది. బావ చెయ్యి కలిపిండు. స్రవంతి బెంచీ మీద కూర్చొని ఉంది. ముందు నా పసుపు సాక్సులు చూసింది, తర్వాత నన్ను చూసింది.

"చిక్కినవ్" అన్నది.

"లేదు, బాగానే ఉన్న" అన్న.

పూనం మెడలో విజిల్ వేసుకొని వచ్చింది. జానెడు మీద నాలుగు వేళ్ళు మీరేనా అని అడిగింది. ఉన్న వాటిలో పెద్ద బూట్లు ఇచ్చింది. పొడుగుకి సరిపోయినయి. వెడల్పుకే చాలలే, నా వేళ్ళు బురదలో విచ్చుకొని విచ్చుకొని అలవాటైనయి, అవి దగ్గరికి రామన్నయి. తోసి, బిగించి కట్టిన.

"ఆగే ఝుకియే" అన్నది పూనం. ముందుకి వంగమని. తెలుసు అని చెప్పి గచ్చు మీదికి పోయిన.

పోయి, వెనక్కి వాలి, పగ్గం పట్టుకున్నట్టు చేతులు ముందుకి పెట్టిన. పగ్గం లేదు. ఎడ్లు లేవు. ఆ సంగతి నాకు పైకప్పు రేకులు చూస్తున్నప్పుడు అర్థమైంది.

బాగా పడ్డ. పాట కూడా ఆగినట్టు అనిపించింది, ఆగలేదంట. దీప నా చుట్టూ ఒక చుట్టు తిరిగి "నాయినా, నీకు వచ్చు అన్నవ్ కదా" అన్నది. మళ్ళీ ఒక చుట్టు తిరిగి "లే నాయినా" అన్నది. లేవబోయి మళ్ళీ పడ్డ. ఈసారి మోకాళ్ళ మీద. చిన్న చిన్న పిల్లలు నన్ను తప్పించుకొని పోతున్నరు. పూనం చెయ్యి ఇయ్యబోయింది. వద్దన్న, కూర్చునే ఉన్న. నిజానికి అక్కడ కూర్చోవడం హాయిగానే ఉంది, ఇంక పడేది లేదు.

అప్పుడు చూసిన. రెయిలింగు అవతల స్రవంతి లేచి నిలబడ్డది. భుజాన దీప బ్యాగు. ఊరికే నిలబడి నన్నే చూస్తున్నది. ఆ రోజు కంచె దగ్గర కూడా అచ్చం ఇట్లనే నిలబడ్డది. ఆ రోజు నేను తల దించి చూసుకోవడానికి చేతిలో తీగ ఉంది. ఇక్కడ చేతులు ఖాళీ. ఎటు చూడాలో తెలవలేదు, ఆమెనే చూసిన. ఏడుపొచ్చింది. దెబ్బకి అనుకుంటరులే అని ఆపుకోలేదు.

లేచిన. పడ్డ. మళ్ళీ లేచిన. హడ్మా చెప్పినట్టు ముందుకి వంగిన. నిలబడ్డ. బాతు నడిచినట్టు ఒక్కో కాలు ఈడ్చుకుంటూ పోయి రెయిలింగు పట్టుకున్న. వెనక పూనం విజిల్ ఊదింది, ఎందుకో తెలవదు.

"ఆ రోజు లేవాల్సింది" అన్న స్రవంతితో.

"ఊఁ" అన్నది.

"తీగ వదిలితే వెనక్కి పోతదని..."

"చూసిన."

"బస్సు వెంటనే దొరికిందా?"

"వచ్చింది. ఎక్కలే. ఇంకోటి వచ్చింది, అదీ వదిలేసిన. కంచె అయిపోతే వస్తవనుకున్న. దీప కాళ్ళు నొస్తున్నయని ఏడిస్తే మూడోదాంట్లో ఎక్కిన."

కంచె మొదటి బస్సుకే అయిపోయింది. తర్వాత నేను చాయ్ పెట్టుకొని తాగిన. ఇది ఆమెకి చెప్పలేదు. చెప్పాలె, ఇయ్యాల కాదు.

"నువ్వు లేకపోతే ఇంట్లో ఉండబుద్ధి కావట్లేదు" అన్న. ఇది మాత్రం చెప్పిన. పాట పెద్దగా ఉంది, మళ్ళీ ఒకసారి చెప్పాల్సి వచ్చింది. బావ అటు తిరిగి రేకులు చూస్తున్నడు.

స్రవంతి కిందికి చూసింది. "ఆ బూటులోంచి ఏంది, రక్తమా?"

నేను చూసుకోలేదు. బెంచీ మీద కూర్చోబెట్టి బూట్లు విప్పింది. రెండు మడమలు బొబ్బలు పగిలినయి, హడ్మా గెలిచిన సాక్సు ఒకటి సగం ఎర్రగా అయింది. సాక్సులు పీకేసి, దీప నీళ్ళ సీసా మూత తిప్పి నా చేతికి ఇచ్చింది.

"కాళ్ళు కడుక్కో" అన్నది.

కడుక్కున్న. మండింది. నీళ్ళు నీలం గచ్చు మీదికి పోయినయి, పూనం తుడిచే కట్టె పట్టుకొని వచ్చి కోపంగా చూసింది. సారీ మేడమ్ అన్న.

అది చెంబు కాదు, సీసా. గడప కాదు, రింక్. పైగా ఇచ్చింది బొబ్బలకి. ఏం అనుకోవాలో తెలవక, అప్పటికి ఏం అనుకోలేదు.

అదే రోజు, సాయంత్రం

బావ ఇంటికి పోక తప్పలేదు, దీప కేక్ అక్కడే ఉంది. ఆటో దిగి చెప్పులు లేకుండా కుంటుకుంటూ నడిచిన. గుమ్మం ఇంకా దూరముండగానే చూసిన. బావ భార్య చెంబు పట్టుకొని గడపలో నిలబడి ఉంది.

సన్న తిన్న చేపల కూర గుర్తొచ్చింది. ఇది మర్యాద, ఆమె తప్పేం లేదు, ఇంటి ఆడమనిషి తేవాల్సిందే. అయినా నా కాళ్ళు ఆగినయి. దీప చెయ్యి పట్టి లాగుతున్నది, పోలేకపోతున్న.

స్రవంతి వెనక ఆటో కాడ ఉంది. నన్ను దాటుకొని ముందుకి పోయింది.

"ఆయన కాళ్ళు కడుక్కున్నడు వదినా. నేనే ఇచ్చిన నీళ్ళు. ఆ చెంబు లోపల పెట్టు" అన్నది.

వదిన చెంబు వంక చూసింది, నా వంక చూసింది, లోపల పెట్టింది.

లోపలికి పోయినం. కేక్ కోసిండ్రు. అన్నంలోకి ఏం కూర పెట్టిండ్రో ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదు.

ఆగస్టు 11

మాట్లాడుకున్నం. దీప బడి ఇక్కడే. కింద మడుల నాటు అయ్యేదాకా స్రవంతి నాతో వచ్చి ఉంటది, పిల్లని వదిన చూసుకుంటది. తర్వాత స్రవంతి ఇక్కడ ఉంటది. కోత అయినాక నేను వచ్చి బావ చూపించే పని చూస్తా. చూస్తా అనే అన్న, చేస్తా అనలేదు. "చూస్తా అంటే?" అన్నది. చేస్తా అన్న.

పొలం ఎవరు చేస్తరు అని ఈసారి ఆమె అడిగింది. వానాకాలం వచ్చి నేనే చేస్తా అన్న. హడ్మా ఎడ్లు ఉన్నయి, చెక్క ఉంది.

దీప మళ్ళీ రింక్‌కి ఎప్పుడు అని అడుగుతున్నది. ఈసారి ముందుకి వంగుతా అని చెప్పిన.

ఆగస్టు 12

బస్సులో రాస్తున్న, అక్షరాలు ఎగురుతున్నయి.

స్రవంతి దీపని బళ్ళో దింపి నగర్‌నార్ నుంచి వస్తా అన్నది. నేను ముందే బస్టాండ్‌కి వచ్చిన. కోంటా బస్సు వచ్చింది. కండక్టర్ ఎక్కు ఎక్కు అన్నడు. ఎక్కలే. ఇంకోటి వచ్చింది, సీట్లు ఖాళీగానే ఉన్నయి. అదీ వదిలేసిన.

ఆటో దిగి బ్యాగు భుజానేసుకొని వచ్చింది.

"బెంచీ అంత ఖాళీగా ఉంది, ఎందుకు నిలబడ్డవ్?" అన్నది.

"ఊరికే" అన్న.

"కాళ్ళు నొయ్యట్లేదా?"

"నొస్తున్నయి" అన్న.